కట్టు ఎవరిదైనా అతికేది ఎముకే

ఉప్పల్‌లో మెట్రో దిగి వరంగల్ హైవే మీద పీర్జాదిగూడ, మేడిపల్లి వైపు వెళ్తుంటే రెండు రకాల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి ఆర్థోపెడిక్ ఆసుపత్రిది. ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్, మోకీలు మార్పిడి అని వరసగా రాసి ఉంటుంది. రెండోది పుత్తూరు కట్టుది. రెండింటికీ గిరాకీ ఉంది. ఈ హైవే మీద ఎత్తు వంతెన పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ఇరుకైపోయిన రోడ్డు మీద బస్సులు, లారీలు, స్కూటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. బండి జారి కాలు విరగ్గొట్టుకున్నవాళ్లు, బాత్‌రూమ్‌లో పడి మణికట్టు విరిగిన అమ్మమ్మలు, నాచారం పారిశ్రామికవాడలో మెషీన్ కింద వేళ్లు నలిగిన కార్మికులు ఏదో ఒక బోర్డు కిందికి చేరాల్సిందే.

కట్టు వేయించుకున్నవాళ్లలో చాలామంది లేచి నడుస్తున్నారు, రాడ్డు వేయించుకున్నవాళ్లలోనూ చాలామంది నడుస్తున్నారు. ఇటువాళ్లు ఆకు పసరు మహిమ అంటారు, అటువాళ్లు ఆపరేషన్ మహిమ అంటారు. అసలు పని చేసింది ఎవరో ఇద్దరూ చెప్పరు. విరిగిన ఎముకను అతికించే మందు ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. వైద్యుడు చేసేదల్లా దాన్ని సరైన చోట నిలిపి, కదలకుండా చూసి, రక్తం అందే దారి మూసుకుపోకుండా కాపాడటం. ఇది తెలిస్తే ఏ ఎముకకు కట్టు చాలో, ఏ ఎముకకు చాలదో కూడా తెలుస్తుంది.

గట్టిదే, కానీ ప్రాణమున్నది

కోడి కాలి ఎముకను శుభ్రంగా కడిగి నాలుగైదు రోజులు వెనిగర్‌లో నానబెట్టండి. ఆమ్లం అందులోని కాల్షియం లవణాన్ని కరిగించేస్తుంది. బయటికి తీస్తే ఆకారం ఏమీ మారదు, కానీ వంచితే వంగుతుంది. ఇంకో ఎముకను నిప్పుల్లో తెల్లబడేదాకా కాల్చండి. ఈసారి ప్రొటీన్ మాడిపోయి లవణం మిగులుతుంది. చూడ్డానికి ఎముకే, వేళ్ల మధ్య నలిపితే పొడి. మొదటిదాంట్లో మిగిలింది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు, రెండోదాంట్లో మిగిలింది కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటికం. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు లవణమే. లాగితే తెగకుండా కాపాడేది కొల్లాజెన్, నొక్కితే నలగకుండా కాపాడేది లవణం. వీటిలో ఏది తగ్గినా ఎముక బలం పోతుంది.

పైపొర గట్టి ఎముక. లోపల, ముఖ్యంగా కీళ్ల దగ్గరి కొసల్లో, సన్నని గదులతో అల్లుకున్న మెత్తటి ఎముక ఉంటుంది. ఆ గదుల్లో మూలుగ ఉంటుంది. పెద్దవాళ్లలో రక్తకణాలు పుట్టేది వెన్నుపూసలు, తుంటి, రొమ్ము ఎముకల వంటి వాటి మూలుగలోనే. ఎముక వెలుపల పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. ఎముక విరిగినప్పుడు ప్రాణం తోడేసే నొప్పిలో ఎక్కువ భాగం ఈ పొరలోని నరాలదే. విరుగు చుట్టూ కొత్త ఎముకను మొదలుపెట్టే కణాల్లో చాలా భాగం కూడా ఇక్కడివే. పిల్లల్లో ఈ పొర మందంగా, చురుగ్గా ఉంటుంది. పిల్లల ఎముకలు తొందరగా అతుక్కోవడానికి ఇదొక కారణం.

ఎముకలో మూడు రకాల కణాలు పనిచేస్తుంటాయి. ఒక రకం పాత ఎముకను తవ్వుతాయి. రెండో రకం ఆ గుంటలో కొత్త ఎముకను నింపుతాయి. నింపుతూ నింపుతూ కొన్ని అందులోనే చిక్కుకుపోయి మూడో రకంగా మారతాయి. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. ఎక్కడ బరువు పడుతోంది, ఎక్కడ సన్నటి పగులు వచ్చింది అన్నది కనిపెట్టి కబురు పంపేది ఇవే. మన మునిసిపాలిటీ రోడ్లకు ఎముకకు తేడా ఒక్కటే: ఇక్కడ తవ్వినవాళ్లు వెళ్లిన వెంటనే పూడ్చేవాళ్లు వస్తారు. ఒక గుంట తవ్వడానికి సుమారు మూడు వారాలు, నింపడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు 10 శాతం ఇలా కొత్తదవుతుంది. పదేళ్ల కిందట మీరు నిలబడిన ఎముకల మీద మీరిప్పుడు నిలబడిలేరు.

బరువు పడే చోట ఎముక మందమవుతుందని, బరువు తగ్గితే పల్చబడుతుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రీకరించాడు. అంతరిక్షంలో బరువు తెలియకుండా తేలే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా లవణం పోగొట్టుకుంటారు. నెలల తరబడి మంచం పట్టిన మనిషికీ జరిగేది ఇలాంటిదే. ఇది ఎముకల వైద్యాన్ని ఎప్పుడూ రెండు వైపులా లాగుతుంటుంది. విరిగిన చోటుకు విశ్రాంతి కావాలి, మిగతా ఒంటికి కదలిక కావాలి.

విరిగిన గంట నుంచి

ఎముక విరిగిన క్షణంలో దాని లోపలి రక్తనాళాలూ తెగుతాయి. విరుగు చుట్టూ రక్తం చేరి గడ్డకడుతుంది. తొడ ఎముక విరిగితే లీటరు, లీటరున్నర రక్తం తొడలోనే పోగవుతుంది. బయట చుక్క కనబడకపోయినా మనిషి చెమటలు పట్టి నీరసించిపోవడానికి కారణం అదే. ఆ గడ్డలోంచే మరమ్మతు మొదలవుతుంది. రక్తం నుంచి వచ్చిన కణాలు అక్కడ చచ్చిన ముక్కలను ఏరివేస్తూ, కొత్త కణాలను రమ్మని సంకేతాలు పంపుతాయి. మొదటి వారం వాపు, వేడి, నొప్పి ఆ సందడి వల్లే.

రెండు మూడు వారాలకు విరుగు చుట్టూ మెత్తటి మృదులాస్థి దిమ్మ కడుతుంది. ఎక్స్‌రేలో ఇంకా ఏమీ కనబడదు, కానీ విరిగిన కొసలు కటకటలాడటం మానేస్తాయి. ఆ తర్వాత మృదులాస్థిలోకి రక్తనాళాలు చొరబడి, కాల్షియం చేరి, అది ముతక ఎముకగా మారుతుంది. సుమారు ఆరు నుంచి పన్నెండు వారాలకు ఎక్స్‌రేలో విరుగు చుట్టూ తెల్లటి మబ్బులా ఆ బుడిపె కనిపిస్తుంది. మెడ కింది ఎముక విరిగి అతికినవాళ్లను దాన్ని తడిమి చూసుకోమనండి, వేలికి బొడిపె తగులుతుంది. చివరి దశ నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. తవ్వే కణాలు అనవసరపు మందాన్ని చెక్కేస్తాయి, నింపే కణాలు బరువు దారిలో కొత్త పొరలు పేరుస్తాయి. చర్మం గాయం మానితే మచ్చ మిగులుతుంది. ఎముక మానితే మళ్లీ ఎముకే మిగులుతుంది. మన ఒంట్లో ఇంత నిక్కచ్చిగా మునుపటి రూపానికి రాగల భాగాలు బహు కొద్ది.

ఈ పనికి పట్టే కాలం ఎముకను బట్టి, వయసును బట్టి మారుతుంది. వేలి ఎముకకు మూడు నాలుగు వారాలు, మణికట్టు దగ్గర ఆరు వారాలు, మోకాలి కింది పెద్ద ఎముకకు మూడు నాలుగు నెలలు. పిల్లలకు ఇందులో సగం చాలు. పొగ తాగేవాళ్లకూ, అదుపు తప్పిన షుగర్ ఉన్నవాళ్లకూ ఆలస్యమవుతుంది.

విరుగు దగ్గర కదలిక ఎంత ఉండాలన్నది సున్నితమైన లెక్క. అతి కొద్దిపాటి కదలిక బుడిపె పెరగడానికి సాయం చేస్తుంది. అది మితిమీరితే మెత్తటి కణజాలం ఎముకగా మారే దశ దాటదు. రెండు కొసలూ నున్నబడి, కీలు లేనిచోట దొంగ కీలు ఏర్పడుతుంది. అసలు కదలకుండా ప్లేటు, స్క్రూలతో బిగించేస్తే బుడిపే రాదు, గట్టి ఎముకలోని కణాలే విరుగు దాటి నేరుగా అతుక్కుంటాయి. పసరు కట్టు నుంచి స్టీలు ప్లేటు దాకా ఎముకల వైద్యంలో ప్రతి పద్ధతీ ఈ కదలికను తన తీరులో అదుపు చేసే ప్రయత్నమే.

పుత్తూరులో ఏం చేస్తారు

తిరుపతి నుంచి మద్రాసు వెళ్లే దారిలో పుత్తూరు ఉంది. ఆ పక్కనున్న ఈశ్వరాపురంలోని రాజుల కుటుంబం ఎముకల కట్టుకు పేరు మోసింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఇంటి పెద్ద ఒకాయన వేటాడి తెచ్చిన కుందేలును ఆకుల్లో చుట్టి ఉంచితే దాని విరిగిన కాలు అతుక్కుందని, అక్కణ్నుంచి ఈ వైద్యం మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా పేరు మాత్రం రాయలసీమ దాటి, తమిళనాడు, కర్ణాటకల్లోకి, హైదరాబాదు గల్లీల్లోకీ పాకింది. ఇప్పుడు పుత్తూరు కట్టు అని బోర్డు పెట్టిన ప్రతివాడికీ ఆ ఊరితో చుట్టరికం ఉంటుందనుకుంటే పొరపాటే.

చేసే పని చూద్దాం. విరిగిన చోటును చేత్తో తడిమి, లాగి, కొసలను వరసకు తెస్తారు. ఆకు ముద్ద, కోడిగుడ్డు తెల్లసొన పట్టిస్తారు. గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టు కడతారు. వారానికో పదిరోజులకో విప్పి మళ్లీ కడతారు. తెల్లసొన ఆరితే గుడ్డ బిరుసెక్కి అచ్చులా నిలుస్తుంది. బద్దలు విరుగును వంగనివ్వవు. వాపు తగ్గి కట్టు వదులైనప్పుడు మళ్లీ బిగించే అవకాశం ఉంటుంది. పైగా ఈ కట్టు చాలాసార్లు పై కీలును, కింది కీలును మూసేయదు, కాబట్టి కీళ్లు బిగుసుకుపోవు. అమెరికాలో అగస్టో సార్మియెంటో అనే సర్జన్ 1960ల్లో కాలి ఎముకలకు, తర్వాత జబ్బ ఎముకకు ఇలాంటి ఆలోచనతోనే కీళ్లు ఆడే పట్టీలు తయారుచేశాడు. జబ్బ ఎముక నడిమికి విరిగితే ఇప్పటికీ ఆపరేషన్ లేకుండా ఆ పట్టీతో నయం చేసే డాక్టర్లున్నారు. కుదిరిన చోట పుత్తూరు కట్టు పనిచేయడంలో వింతేమీ లేదు. అది పనిచేసే తీరు యాంత్రిక శాస్త్రానికి బాగా తెలిసిందే.

ఈ విద్య మనకు కొత్తదీ కాదు. సుశ్రుత సంహిత ఎముక విరుగుళ్లను పన్నెండు రకాలుగా, కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా విడదీసింది. మద్ది, మేడి, రావి, మోదుగ పట్టలు, వెదురు బద్దలు కట్టుకు వాడమంది. చలికాలంలో ఏడు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చమంది. మరి ఆకు సంగతి? నల్లేరు మీద కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ 1960ల్లో జంతువుల్లో పరీక్షలు చేసి, ఎముక అతుకు కొంత వేగం పుంజుకుంటుందని రాశారు. ఆసక్తికరమైన సంగతే. అయితే వంకరగా నిలిపిన ఎముకకు నల్లేరు పట్టించినా, ఖరీదైన ఇంజెక్షన్ వేసినా అది వంకరగానే అతుక్కుంటుంది.

లివర్‌పూల్ కట్టు కుటుంబం

కట్టువైద్యులకూ డాక్టర్లకూ పడకపోవడం మన దగ్గరే పుట్టిన గొడవేం కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఇవాన్ థామస్ అనే వెల్ష్ కట్టువైద్యుడు ఉండేవాడు. తరతరాలుగా అదే వృత్తి. డాక్టర్లు ఆయన్ను కోర్టుకీడ్చారు, వేధించారు. విసిగిన ఆయన తన ఐదుగురు కొడుకులనూ వైద్యకళాశాలకు పంపాడు. వాళ్లలో హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) ఇంటి విద్యనూ కాలేజీ విద్యనూ కలిపి, విరిగిన కాలిని లాగి పట్టి ఉంచే బద్ద ఒకటి తయారుచేశాడు. డాక్టర్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన దగ్గర పెరిగి పనినేర్చిన రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని ముందు వరసల దాకా చేర్పించాడు. తొడ ఎముక విరిగిన సైనికుల్లో 1916లో 80 శాతం దాకా ఉన్న మరణాలు యుద్ధం ముగిసేనాటికి 20 శాతం దరిదాపుల్లోకి దిగాయని నాటి లెక్కలు. థామస్ బద్ద ఇవాళ్టికీ మన ఆసుపత్రుల్లో ఉంది. ఆధునిక ఎముకల వైద్యానికి మూలపురుషుల్లో ఒకడు కట్టువాడి కొడుకు.

ఈలోగా మిగతావీ చేరాయి. డచ్చి సైనిక వైద్యుడు మాథీసెన్ 1852లో జిప్సం పొడి పట్టించిన గుడ్డను ప్రచురించాడు. మనం పిండికట్టు అనేది అదే. 1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనిపెట్టాడు. నాలుగు నెలలు తిరక్కుండానే రాబర్ట్ జోన్స్ ఒక పిల్లవాడి మణికట్టులో దిగిన గుండును ఎక్స్‌రేతో చూశాడు. అప్పటిదాకా చేతివేళ్లే కళ్లుగా పనిచేసిన విద్యకు అసలు కళ్లు వచ్చాయి.

ఈ ఎక్స్‌రే దగ్గరే ఉప్పల్‌లో ఇప్పటికీ పేచీ పడుతుంటుంది. ఓ పెద్దామె అంటుంది: "ఎక్స్‌రే ఎందుకు సారూ, చెయ్యి వంకర వోయింది కండ్లకు కనబడ్తనే ఉంది గదా?" డాక్టరు చెప్పవలసిన జవాబు ఇది: "వంకర కనబడుతది పెద్దమ్మా. ఆ పగులు కీలు లోపలికి పోయిందా లేదా అన్నది కంటికి కనబడదు. కట్టు చాలా, ఆపరేషన్ కావాలా చెప్పేది అదే." ఎక్స్‌రే తీయకుండా చెయ్యి లాగే వైద్యుడు, అతని బోర్డు ఏదైనా, చీకట్లో పని చేస్తున్నట్టే.

మొండికేసే ఎముకలు

కొన్ని విరుగుళ్లు ఎవరు కట్టినా, కొన్నిసార్లు ఎవరూ కట్టకపోయినా, నయమవుతాయి. పక్కటెముకలు, మెడ కింది ఎముక, చాలా వేలి ఎముకలు, కదలని చిన్న పగుళ్లు ఈ జాబితాలోవి. కట్టువైద్యుల పేరు ప్రతిష్ఠలకు వీటి చలవ చాలా ఉంది. చిన్న ఆసుపత్రుల పేరుకూ అంతే. అసలు పరీక్ష మొండికేసే ఎముకల దగ్గర.

మణికట్టులో బొటనవేలి మొదట్లో చిన్న ఎముక ఒకటుంది. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి లోపలికి వెనక్కి వస్తుంది. నడుమ విరిగితే మోచేతి వైపు ముక్కకు రక్తం అందక చచ్చిపోవచ్చు. చెయ్యి ఊని పడ్డాక బొటనవేలి మొదట్లో గుంటలో నొక్కితే నొప్పి ఉండి, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా, జాగ్రత్తపడే డాక్టరు చేతికి పట్టీ వేసి పది పన్నెండు రోజులకు మళ్లీ తీయిస్తాడు. తుంటి దగ్గర తొడ ఎముక మెడదీ ఇదే కథ. అక్కడ విరిగితే పైన గుండ్రటి బంతికి రక్తం ఆగిపోవచ్చు. ముసలివాళ్లను నెలల తరబడి మంచానికి కట్టేస్తే ఎముక సంగతి అలా ఉంచి న్యుమోనియా, పడకపుళ్లు, కాలి సిరల్లో రక్తపు గడ్డలు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే ఆపరేషన్‌కు ఒంట్లో వీలుంటే ఒకటి రెండు రోజుల్లోనే చేసి, మర్నాడు లేపి నిలబెట్టాలని చూస్తారు.

కీలు లోపలికి పోయిన పగులు మరో రకం. మోకాలి చిప్ప కింద ఎముక గట్టు రెండు మూడు మిల్లీమీటర్లు కుంగినా కీలు నున్నదనం పోతుంది. కొన్నేళ్లకు అరుగుదల మొదలవుతుంది. ముంజేతిలో రెండు ఎముకలూ విరిగితే వరస ఏమాత్రం తప్పినా అరచెయ్యి తిప్పలేరు, అన్నం ముద్ద నోటికి పెట్టుకోవడమే కష్టమవుతుంది. పిల్లల ఎముక కొద్దిపాటి వంపును పెరుగుతూ తానే సరిచేసుకుంటుంది. మెలికను మాత్రం సరిచేసుకోలేదు. తొడ ఎముకను బలమైన కండరాలు లాగుతుంటాయి కాబట్టి బయటి బద్దలతో వరసలో నిలపడం కష్టం. దీనికి జర్మన్ సర్జన్ గెర్హార్డ్ కూంట్షర్ 1939లో ఎముక బోలులోకి పొడవాటి రాడ్డు దించాడు. యుద్ధం ముగిశాక జర్మనీ చెర నుంచి విడుదలైన సైనికుల తొడల్లో ఆ రాడ్లు చూసి అమెరికన్, బ్రిటిష్ వైద్యులు నివ్వెరపోయారు. 1958లో స్విట్జర్లాండులో కొందరు సర్జన్లు కలిసి ఏఓ అనే సంఘం పెట్టి ప్లేట్లు, స్క్రూలకు కొలతలు, నియమాలు తయారుచేశారు. ఇవాళ మన ఆపరేషన్ థియేటర్లలో వాడే చాలా సామాను ఆ బడి నుంచి వచ్చిందే. హైదరాబాదులో నిమ్స్ అని మనం పిలిచే సంస్థ కూడా 1960ల్లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా మొదలైందే.

ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే పద్ధతి పూర్తిగా మారిపోతుంది. రోడ్డు దుమ్ము, మెషీన్ నూనె లోపలికి పోయాయి కాబట్టి వీలైనంత త్వరగా యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షన్ పడాలి, థియేటర్లో పుండు కడిగి చచ్చిన కండ తీసేయాలి. అలాంటి పుండు మీద ఆకు ముద్ద పెట్టడమంటే క్రిములను మూలుగలోకి పంపడమే. ఎముకలో చేరిన చీము ఏళ్ల తరబడి కారుతుంది.

బిగుతు తెచ్చే చేటు

మోచేయి పైన ఎముక విరిగిన ఏడేళ్ల పిల్లవాణ్ని ఊహించండి. చెట్టు మీంచో, గోడ మీంచో పడి ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఎక్కువగా విరగ్గొట్టుకునేది దీన్నే. చేతికి వెళ్లే ప్రధాన ధమని, నరాలు ఆ విరుగును ఆనుకునే పోతాయి. కట్టు వేసిన రాత్రి వాపు పెరుగుతుంది. ముంజేతి కండరాలు సాగని సంచుల్లో ఉంటాయి. పైన కట్టు, కింద వాపు, మధ్యలో ఒత్తిడి పెరిగి రక్తం కండరంలోకి పోలేని స్థితి వస్తుంది. ఆరు గంటలు దాటితే ఆ కండరం చాలావరకు తిరిగి రాదు. ఎముక చక్కగా అతుక్కుంటుంది, చెయ్యి మాత్రం గద్ద గోళ్లలా ముడుచుకుపోతుంది. జర్మన్ సర్జన్ వోల్క్‌మన్ దీన్ని 1881లో వర్ణిస్తూ బిగుతు కట్లనే తప్పుపట్టాడు. మన సుశ్రుతుడికీ ఇది తెలుసు: కట్టు వదులైతే కీలు నిలవదు, మరీ బిగిస్తే వాపు, నొప్పి, చర్మం కుళ్లడం అని రాశాడు.

ఈ ప్రమాదం పసరు కట్టుకూ పిండికట్టుకూ సమానం. దీన్ని పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. కట్టు దాటి కనబడే వేలి గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లను మెల్లగా వెనక్కి చాచండి. ప్రాణం పోయేంత నొప్పి వస్తే, మాత్ర వేసినా తగ్గని నొప్పి గంట గంటకూ పెరుగుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కితే, ఆ అర్ధరాత్రే కట్టును చర్మం కనబడేదాకా చీల్పించి ఆసుపత్రికి పరుగెత్తాలి. గోరు ఎర్రగానే ఉందని ధీమా పడకూడదు, ఎందుకంటే కండరం చచ్చిపోతున్నా గోరు ఎర్రగా ఉండొచ్చు. ముందుగా పలికేది నొప్పే. "కట్టు కొత్తది, రెండు రోజులు నొప్పి ఉంటుందిలే" అన్న ఓదార్పు ఎన్నో చేతులను పోగొట్టింది.

దెబ్బకు ముందే దెబ్బతిన్న ఎముకలు

ఇంట్లో నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే నేరం బాత్‌రూమ్ గచ్చుది మాత్రమే కాదు. ముప్ఫై ఏళ్లకల్లా మన ఎముకల నిల్వ గరిష్ఠానికి చేరుతుంది. ఆడవాళ్లలో బహిష్టులు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, తవ్వే కణాల జోరు పెరిగి, కొన్నేళ్ల పాటు నిల్వ వేగంగా కరుగుతుంది. ఒంట్లో కిలో దాకా ఉండే కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో మాత్రం 100 మిల్లీలీటర్లకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలబడి తీరాలి. గుండె, కండరాలు ఆ కొద్దిపాటి కాల్షియం మీదే నడుస్తాయి. తిండిలో తగ్గినా, విటమిన్ డి లేక పేగు దాన్ని పీల్చుకోలేకపోయినా, పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకను కరిగించి రక్తానికి సర్దుతుంది. ఎండలు మండే మన ప్రాంతంలో విటమిన్ డి కొరత ఏమిటని అనుకుంటాం. తిరుపతి ప్రాంతంలో జరిగిన అధ్యయనాల్లో పొలం పనిచేసే పల్లె జనంలోనూ లోటు కనబడింది, పట్నవాసుల్లో మరింతగా కనబడింది.

ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక చేరితే జాతీయ పోషకాహార సంస్థ ఉంటుంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఎముకల శాస్త్రంలో ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఇక్కడి పరిశోధనల వల్లే. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే ఎముకలు పాడవుతాయని మన తెలుగు నేల మీద మొదట పట్టుకున్నది షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని పొదిలి, దర్శి ప్రాంతాల రైతులను చూసి 1937లో రాశారు. దశాబ్దాల తర్వాత తార్నాక శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి మరో వింత రూపం చూశారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో కౌమారంలో ఉన్న పిల్లల మోకాళ్లు లోపలికి ఒరుసుకుని, పాదాలు దూరం జరిగిపోతున్నాయి. 1973లో లాన్సెట్‌లో దాన్ని ప్రచురించారు. నీటిమట్టం పెరగడంతో నేలలో, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణమని వాదించారు.

ఫ్లోరైడు చేసే పని ఎముక స్ఫటికంలోనే. హైడ్రాక్సీ అపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడు కూర్చుంటుంది. నింపే కణాలు అతిగా పనిచేస్తాయి. ఎక్స్‌రేలో ఎముక సుద్దలా తెల్లగా, దట్టంగా కనబడుతుంది. కానీ కొల్లాజెన్, లవణాల పొందిక చెడటంతో అది పెళుసు. వెన్ను పక్క స్నాయువుల్లో కూడా లవణం పేరుకుని నడుము కొయ్యబారుతుంది, మనిషి నేల చూస్తూ నడుస్తాడు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఇలాంటి ఒళ్లను ఒక తరం మొత్తం చూసింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. నిజమైన పరిష్కారం మాత్రం నదినీటిని ఊళ్లకు చేర్చడం. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఈ ఊళ్లకు కృష్ణా నీళ్లు తెచ్చింది. అప్పటికే వంగిపోయిన వెన్నును అవి సరిచేయలేవు, తర్వాతి పిల్లల మోకాళ్లను కాపాడగలవు.

ఎక్కడికి వెళ్లినా అడగాల్సినవి

పీర్జాదిగూడలో ఏ బోర్డు కిందికి వెళ్లాలన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ముందు ఎక్స్‌రే తీయించారా, అది చదవగలిగినవాళ్లు చూశారా? విరుగు కీలులోకి పోయిందా, ఎముక బయటికొచ్చిందా, వేళ్లకు తిమ్మిరి ఉందా? తుంటి, తొడ, పిల్లల మోచేయి, వెన్నుపూస, వీటిలో ఏదైనా ఉందా? ఎక్స్‌రే లేదన్నా, చదవగలిగినవాళ్లు చూడలేదన్నా, మిగతావాటిలో ఏ ఒక్కదానికి అవునని వచ్చినా, ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, కట్టు దుకాణంలో ఒక్క గంట కూడా పోగొట్టుకోకూడదు. చిన్న పగులు, వరస తప్పని విరుగు అయితే డాక్టరే పిండికట్టో పట్టీయో వేసి పంపుతాడు. అప్పుడు రాడ్డు తప్పదని ఒత్తిడి చేస్తే ఎందుకో అడిగి, ఇంకో డాక్టరు మాట వినే హక్కు మీకుంది.

కట్టువైద్యులను బజారు నుంచి తరిమేయడం ఎవరివల్లా కాలేదు, కాదు కూడా. డబ్బు లేనివాళ్లు, ఆపరేషనంటే భయపడేవాళ్లు ఉన్నంతకాలం వాళ్లు ఉంటారు. ఇవాన్ థామస్ కొడుకులు చూపిన దారి ఇంకా తెరిచే ఉంది. ఎక్స్‌రే చూడటం, బిగుతును గుర్తించడం, ఏ ఎముకను ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపాలో తెలియడం, ఈ మూడూ కట్టు కట్టే చేతులకు నేర్పితే చాలా చేతులు, కాళ్లు మిగులుతాయి. ఎముక తన పని తాను ఎప్పుడూ చేస్తూనే ఉంటుంది. దానికి అడ్డు పడకపోవడం మనం నేర్చుకోవాల్సిన విద్య.